సర్వపిండి డబ్బా మూత

డోర్నకల్‌లో రైలెక్కాక ఎదుటి సీట్లోని పెద్దమ్మ స్టీలు డబ్బా తెరిచి, "సర్వపిండి తింటవా బిడ్డా?" అంది. ఆకలిగానే ఉన్నా అలవాటుగా "వద్దు పెద్దమ్మా" అన్నాను. ఆమె టక్కున మూత పెట్టేసింది. మా వరంగల్ వైపు ఒక్క 'వద్దు'తో ఆగేవాళ్లుండరు. నా ముఖం చూసి నవ్వింది.

"నాకూ గిట్లనే అయింది. మాది గూడ వరంగల్లే, కొత్తవాడ. జంపఖానాలు నేసి చూపెట్టమని నెదర్లాండ్స్‌కు తీస్కపోయి, ఓ ఇంట్ల ఉంచిండ్రు. మొదటి రోజే ఆ ఇంటామె, ఇంక జర పెట్టాల్నా అని సైగ చేసింది. మర్యాదకు వద్దని చెయ్యూపిన. ఇంకోపారి అడుగుతది గదా అనుకున్న. అడగనే లేదు, గిన్నెలు, ప్లేట్లు అన్ని తీసేసింది!"

"మరేం చేసినవ్?"

"ఫికర్ చేసుకుంట కూసుంటే కడుపు నిండుతదా? వంటింట్లకు పోయి, నా ప్లేటు నేనే తెచ్చుకొని మళ్ల బల్ల ముందట కూసున్న. ఆమె నవ్వుకుంట గిన్నె తెచ్చింది."

భాష రాని దేశంలో, దిగిన రోజే, పరాయివాళ్ల ముందు ఖాళీ ప్లేటుతో కూర్చుందట! నేనైతే మంచినీళ్లు తాగి పడుకునేదాన్ని.

పెద్దమ్మ మళ్లీ మూత తీసింది. ఈసారి అడగలేదు. నేనే చెయ్యి చాపాను.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా వడ్డించబోతే 'వద్దు' నా నోటిదాకా వస్తుంది. ఆ మూత చప్పుడు గుర్తొచ్చి, కంచం ముందుకు జరుపుతాను.