గొల్నార్ ముక్కు మీది ప్లాస్టర్

లాస్ ఏంజెలిస్‌లో గొల్నార్ జట్టు ఇరానీ అమ్మాయిలందరూ డాక్టరు చేత ముక్కు అందంగా చెక్కించుకున్నవాళ్ళే. కత్తంటే హడలిపోయే గొల్నార్ మాత్రం ఆపరేషన్ అయినట్టు ఒట్టి ప్లాస్టర్ అంటించుకుని వాళ్ళలో కలిసిపోయింది. మూడు నెలలుగా తుమ్మొస్తే చాలు, ముక్కు పట్టుకుని "అబ్బా" అంటుంది. రోజూ పొద్దున్నే ప్లాస్టర్ మార్చేది అమ్మమ్మే. "అచ్చం మీ తాత ముక్కే, నా ప్రాణం! ఎన్నాళ్ళు దాస్తావే?" అంటూనే నున్నగా అద్దుతుంది.

నిన్న స్నేహితురాళ్ళు కేకు తెచ్చారు. "ఇక విప్పవే మహారాణీ, కొత్త ముక్కు చూడాలి!" అంది షీదా. "సరిగ్గా కుదర్లేదే. మళ్ళీ కొయ్యాలట," అనేసింది గొల్నార్.

"అయ్యో తల్లీ!" అని షీదా వాటేసుకుంది. "భయపడకు. శుక్రవారం మా డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా." అప్పుడే ఫోన్ చెవిన పెట్టేసింది కూడా.

గొల్నార్ అలవాటుగా ముక్కు పట్టుకుంది. ఈసారి నిజంగానే నొప్పెట్టింది.