తాండూరు చీకటి కొట్టం

మొన్న పొద్దున వికారాబాద్ నుంచి మా మేడమ్ వాళ్ల అన్న కూతురు ఫోన్ చేసింది. "అత్తమ్మ పోయింది. నిద్రలనే పోయింది," అంది. ప్రాణులు ఎప్పుడు పడుకుంటాయి, ఎప్పుడు లేస్తాయి, అసలెందుకు లేస్తాయి అని బతుకంతా వెతికిన మనిషి, చివరికి ఎవరినీ లేపకుండా వెళ్లిపోయారు. ఇది రాస్తుంటే నాకు మళ్లీ ఏడుపొస్తోంది.

డెబ్బైల మొదట్లో వికారాబాద్ కాలేజీలో ఆమె జంతుశాస్త్రం లెక్చరర్. నేను అదే ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్‌ని. ఆమెది కర్ణాటక సరిహద్దున, బషీరాబాద్ వైపు ఊరు. కోపం వస్తే కన్నడంలో తిట్టేవారు, అది మాకు అర్థం కాదు కాబట్టి హాయిగా ఉండేది. పొద్దుగూకితే చాలు, వాళ్లింట్లో ట్యూబులైటు వెలగడానికి వీల్లేదు. మూలన ఒక చిన్న బల్బు, దానికీ ఓ గుడ్డ అడ్డం. సాయంత్రం ఆమెను చూడబోయి మోకాలికి స్టూలు తగిలించుకోకుండా తిరిగొచ్చిన వాళ్లు లేరు. నేను విసుక్కుంటే నవ్వేవారు. "చీకటికి జర మర్యాద ఇయ్యి పిల్లా. పొద్దంత మనం ఒళ్లు అరగదీసుకుంటే రిపేరు చేసేది గదే."

ఆమె పరిశోధన కూడా ఆ చీకటి మీదే. మెదడు మధ్యలో చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. చీకటి పడగానే అది మెలటోనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది, వెలుతురు తగిలితే ఆపేస్తుంది. రాత్రి ఎంత పొడుగో ఒంటికి తెలిసేది దానివల్లే. చలిదేశాల గొర్రెలు ఆ లెక్కనే ఎదకు వస్తాయి. మన గొర్రెలు మాత్రం తొలకరి గడ్డి మొలిస్తేనే వస్తాయని అందరూ అనేవారు. "గడ్డి ఒక్కటే చూస్తయా? రాత్రిని అసలే చూడవా?" అన్నది మేడమ్ అనుమానం.

ఆ గ్రంథి కోసం తాండూరు మటన్ దుకాణానికి నన్నూ తీసుకెళ్లేవారు. తలకాయ కొని, అందులోంచి కందిగింజంత ముక్క తీసుకుని మిగతాదంతా అక్కడే ఇచ్చేసేవారు. "భేజా వదిలిపెట్టి పోతున్నవ్ ఆపా! అసలు మాల్ గదే గదా!" అని దుకాణం భాయి నెత్తి కొట్టుకునేవాడు.

కాలేజీకి సెలవు పెట్టి, తాండూరు పక్కన గొర్రెల కాపరుల ఇంటి వెనక ఒక కొట్టం కట్టించుకున్నారు. గోడలన్నీ నాపరాళ్లు, సందుల్లో మట్టి. సగం మందను మధ్యాహ్నం తిరగ్గానే అందులో తోలి తలుపు వేసేవారు. అంటే వాటికి రాత్రి తొందరగా వచ్చినట్టు. మిగతా సగం మామూలుగా బయట. కొట్టంలో వెలుతురు పడకూడదని ఆ ఇంటి అవ్వకు గట్టిగా చెప్పారు. ఆ వేసవితో సెలవు అయిపోతుంది. ఆలోపు ఫలితం తేలితేనే పీహెచ్‌డీ, తేలకపోతే మళ్లీ కాలేజీలో కప్పలు కోయించడమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం, సాయానికి వెళ్లిన నేను కొట్టం ఊడుస్తుంటే గోడ గూట్లో నా చేతికి మసి అంటింది. మేడమ్ ఆ మసి చూసి అవ్వను పిలిచారు.

"అవ్వా, ఈడ దీపం ఎవరు పెడుతున్రు?"

"నేనే బిడ్డా. రోజూ దీపాల యాళ్లకు పెడుతున్న," అంది అవ్వ, దాపరికం లేకుండా. "నువ్వు వద్దన్నవ్, ఎరుకే. గని జీవాలున్న కొట్టం దీపం లేకుంట ఉంచుతమా? నీ పని సక్కగ గావాలని మొక్కి మరీ పెడుతున్న."

నాకు ఒళ్లు మండింది. మేడమ్ మాత్రం కన్నడంలో కూడా తిట్టకుండా, నోటుబుక్కు తీసి ఆ దీపం సంగతి రాసుకున్నారు.

హైదరాబాద్‌లో ఆమె గైడు సారు తేలిగ్గా తీసేశారు. "గుడ్డి దీపం గురించి ఎవరడుగుతారమ్మా? రిపోర్టులో రాయకు, అయిపోతుంది."

"ఎవరూ అడగరు సార్. కానీ గొర్రెలు చూసినయి," అన్నారు మేడమ్.

దీపం సంగతి రాసే ఇచ్చారు. దాంతో ఆ ఫలితం చెల్లలేదు, పీహెచ్‌డీ రాలేదు, కాలేజీ సెలవూ పొడిగించలేదు. మేడమ్ తిరిగొచ్చి పాఠాలు చెప్పుకున్నారు. అవ్వను నేను తిట్టిపోస్తుంటే ఒకరోజు నన్ను ఆపారు. "నా కోసం మొక్కిన మనిషి మీద కోపం ఎట్ల తెచ్చుకుంట? వద్దన్న గానీ, ఎందుకు వద్దో చెప్పిన్నా నేను?"

ఆ ఆదివారమే వెళ్లి అవ్వ పక్కన కూర్చుని అంతా విడమరిచి చెప్పారు. అవ్వ చెంపలేసుకుంది. "గీ ముచ్చట ముందే చెప్తే అయిపోతుండె గద బిడ్డా!" దీపం ఇంటి ముందరి గూట్లోకి మారింది. మేడమ్ అక్కడ ఉన్న రోజుల్లో నూనె ఆమే పోసేవారు.

తర్వాత సెలవులూ లేవు, సాయమూ లేదు. వేసవి సెలవుల్లో, ఆదివారాల్లో, వికారాబాద్ నుంచి తాండూరుకు పాసింజర్ బండిలో ఏళ్లకేళ్లు తిరిగాం. మేం లేని రోజుల్లో మందను వేళకు కొట్టంలోకి తోలేది అవ్వే. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఆమెకు జుట్టు నెరిసింది. ఎవరైనా జాలిగా ఏదైనా అంటే, "ఫికర్ చెయ్యకున్రి, రాత్రులు ఎటూ పోవు," అనేవారు.

ఎనభైల మొదట్లో, తంగేడు పూలు విరగబూసే రోజుల్లో, ఒక పొద్దున కొట్టం దగ్గర ఉన్నాం. మిగతా మంద ఈనడానికి ఇంకా నెల పైనే ఉంది. అవ్వ లోపల్నుంచి కేకేసింది. "ఓ మేడమ్! నీ చీకటి గొర్రె ఈనింది!" అంటే తొలకరి గడ్డి మొలవకముందే, రాత్రిని చూసి అది ఎదకు వచ్చిందన్నమాట.

తడి ఆరని పిల్లను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేసింది. అటునుంచి అటే కాలేజీకి పోవాలని ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకొచ్చారు మేడమ్. గొర్రెపిల్ల కాసేపు వెతుక్కుని, కొంగు చివర నోట పట్టి చీకడం మొదలుపెట్టింది. అవ్వ లాగబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు.

స్టేషన్ వైపు నుంచి కూత వినబడింది. మేం ఎక్కాల్సిన బండే. మేడమ్ లేవలేదు. కొంగు తడిసి బరువై జారిపోతుంటే, ఇంకాస్త వదులు చేసి, పిల్ల నోటికి అందేలా పట్టుకున్నారు.