రెండంగుళాల నేల

అందరూ ఆయన్ని గీతల మామ అనేవారు. షెడ్డు వెనకగోడ మీద నల్లరంగుతో మూడు అడ్డగీతలుండేవి. కిందిది కార్లకు, నడిమిది వ్యాన్లకు, పైది లారీలకు. గోడకు ఇరవై ఐదడుగుల ఇవతల బండిని నిలిపించి, గోనె పరదా దించి, పట్టపగలే చీకటి చేసి, హెడ్‌లైట్లు వేయించేవాడు. వెలుగు పైఅంచు గీతను తాకేదాకా దీపం వెనకున్న స్క్రూ తిప్పేవాడు. గీత దాటితే ఎదురొచ్చేవాడికి కళ్ళు కనపడవు. దిగితే మనకు దారి కనపడదు. ఆయనకు తెలిసిన విద్య అంతే. నలభై ఏళ్ళు అదే చేశాడు.

పని అయ్యాక స్క్రూ తల మీద ఎర్ర గోళ్ళరంగు ఒక చుక్క పెట్టేవాడు. తర్వాత ఎవరు కదిపినా ఆ చుక్క పగులుతుంది. సీసాలు భార్యే కొనిపెట్టేది. "నా గోళ్ళకు ఏనాడైనా పెట్టావా? సింగారమంతా బండ్లకే," అనేది. ఆమె పోయాక కూతురు కొనిపెడుతోంది.

గీతలు గీసింది ఆయన గురువు. గురువు చిన్నతనంలో కార్ల ముందు కార్బైడ్ దీపాలుండేవి. కార్బైడ్ రాయి మీద నీళ్ళు బొట్లుబొట్లుగా పడితే గ్యాసు పుట్టేది. దాన్ని అగ్గిపుల్లతో ముట్టించేవారు. గాలివానకు ఆరిపోతే దిగి మళ్ళీ ముట్టించాలి. తర్వాత కరెంటు బల్బు వచ్చింది. ఒకే బల్బులో దూరానికొక తీగ, దగ్గరికొక తీగ వచ్చాయి. చేతి జిడ్డు అంటితే పేలిపోయే హాలోజన్ బల్బులు వచ్చాయి. గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది. ఎండకు పచ్చబడితే పేస్టు పెట్టి రుద్దాలి. చివరికి విప్పడానికి వీల్లేని ఎల్‌ఈడీలు వచ్చాయి. కొన్ని బండ్లలో అవి తమంతట తామే పైకీ కిందికీ సర్దుకుంటాయి. "వాటికి మామ అక్కర్లేదు," అనేవాడు. పాత బండ్లున్నన్నాళ్ళు తానుంటే చాలనుకున్నాడు.

ఒక వర్షాకాలం కాలు విరిగి రెండు నెలలు మంచం పట్టాడు. షెడ్డులోకి నీళ్ళొస్తున్నాయని కూతురు నేలంతా కొత్తగా సిమెంటు పోయించింది. చేతికర్రతో వచ్చి చూసి మురిసిపోయాడు. ఇక తడిలో మోకాళ్ళూనే పని లేదు.

ఆ ఏడాదే పాలవ్యాను డ్రైవరు లైట్లు సర్దించుకున్నాడు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరే మనిషి. వారానికే మళ్ళీ వచ్చాడు.

"మామా, దారి పొట్టిదైపోయింది. గుంట చక్రం కిందికొచ్చేదాకా కనపడట్లేదు."

"గీత మీదే ఉంది కదరా, చూడు."

"ఉందిలే. నాకు కనపడాలి కదా!"

"దీపానికేం రోగం లేదు అల్లుడూ. నీకే యాభై దాటాయి. కళ్ళు పోతున్నట్టున్నాయి, చూపించుకో. లేదంటే పాలన్నీ కాలవ పాలే, నీతో సహా."

డ్రైవరు కూడా నవ్వాడు. ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ వెలుగు గీత మీదే పడింది. మళ్ళీ రాలేదు. వ్యాను అమ్మేశాడని ఎవరో చెప్పారు.

రెండేళ్ళకు ఒక పంతులమ్మ పాత కారు తెచ్చింది. బల్బొకటి మార్చాలి. నేలకు సిమెంటు పోయించకముందు ఆయనే సర్దిన కారు. బల్బు మార్చి, పరదా దించి, లైట్లు వేయించాడు. వెలుగు గీతకు రెండంగుళాలు పైన పడింది.

"దీన్నెవరు ముట్టుకున్నారమ్మా?"

"మీరు తప్ప ఇంకెవరు ముట్టుకుంటారండీ?"

స్క్రూడ్రైవరుతో వంగాడు. రెండు స్క్రూల మీదా ఎర్రచుక్క పగలకుండా ఉంది. బండి పాతబడితే కుంగుతుంది, వెలుగు కిందికి దిగుతుంది. పైకెక్కదు. తర్వాత గురువు ఇచ్చిన కొలకర్రను నేల మీద ఆనించి గోడకు నిలబెట్టాడు. గీత ఎత్తుకు గుర్తుగా కర్ర మీద కోసిన గంటు గీతను దాటి పైకొచ్చింది. రెండంగుళాలు.

గోడ కదల్లేదు. గీత కదల్లేదు. నేల లేచింది. రెండేళ్ళుగా ఆయన సర్దిన ప్రతి దీపమూ కిందికి చూస్తోంది. మూడువందల అడుగులు పోవాల్సిన వెలుగు సగం దూరంలోనే నేలకు తగులుతోంది.

"నావల్లేనా నాన్నా?" అంది కూతురు.

"నువ్వు నీళ్ళు ఆపావమ్మా. కొలుచుకోవాల్సింది నేను."

ఆ సాయంత్రమే పాలవ్యాను డ్రైవరును వెతుక్కుంటూ వెళ్ళాడు. అతను ఒక గోదాము గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కాపలా. గీతల మామ నిలబడే అంతా చెప్పాడు. లారీ ఒకటి వస్తే డ్రైవరు లేచి గేటు తీసి, మళ్ళీ వేసి, వచ్చి కూర్చున్నాడు.

"డాక్టరుకు చూపించుకున్నాను మామా. కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు."

"మరి వ్యాను ఎందుకు అమ్మావురా?"

"ఆయన పగటిపూట అక్షరాలు చదివించాడు. నువ్వు నలభై ఏళ్ళుగా వెలుగు చూస్తున్నవాడివి. నీ మాటే విన్నాను."

గీతల మామ నేల చూశాడు.

"ఎవరు కొన్నారు?"

"కూరగాయలాయన. వంతెన అవతల, నీలం తలుపుల ఇల్లు. రాత్రిళ్ళే తోలుతాడు."

"లైట్లు మళ్ళీ సర్దించుకున్నాడా?"

"నువ్వు చుక్క పెట్టావు కదా. ఎవరినీ ముట్టుకోనివ్వద్దని నేనే చెప్పి ఇచ్చాను."

గీతల మామ వంతెన దాటేసరికి వెలుతురు తగ్గుతోంది. నీలం తలుపుల ముందు వ్యాను లేదు. కూరగాయలాయన తల్లి వాకిట్లో ఖాళీ గోనెలు దులుపుతోంది.

"ఇప్పుడే బయల్దేరాడయ్యా. ఏం పని?"

"లైట్లు చూడాలమ్మా. ఎప్పుడొస్తాడు?"

"తెల్లారాక వస్తాడు. ఎక్కడికి పోతాడు?"

జేబులోని స్క్రూడ్రైవరును తడుముకుని, ఆయన ఆ ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు.