పుట్టింటి పిల్లి

మా నాయన బలరామయ్యకు గుడియాత్తం బజారులో చింతపండు అంగడి. ఆయన మాటంటే బజారంతా భయపడేది, ఎలుకలు తప్ప. రాష్ట్రాలు విడిపోయిన రెండో ఏడు మా ముసలి పిల్లి చచ్చిపోవడంతో ఎలుకలు గోతాల మీద పడ్డాయి.

"వేలూరు మండీలో పిల్లులు కావలసినన్ని ఉండాయంట. ఒకటి తెప్పించరాదా?" అంది మా అమ్మ మీనాక్షమ్మ.

"మండీ పిల్లి తిండిపోతు."

"జోలార్పేట గూడ్సు షెడ్డులో?"

"రైళ్లు మరిగింది ఇంట్లో నిలస్తాదా?"

"పిల్లికి కూడా సంబంధం చూస్తుండావే!" అని అమ్మ నవ్వింది.

నాయన నవ్వలేదు. "అమ్మణి ఇంటినుంచే తేవాల. మా అమ్మ సాకిన పిల్లి వంశం ఆడ ఉండాది" అన్నాడు.

అమ్మణి నాయన చెల్లెలు, నాకు మేనత్త. అత్తారింటికి పోయేరోజు పుట్టింటి పిల్లికూనను ఒళ్లో పెట్టుకుని బండెక్కిందట. ఆమె ఊరు పలమనేరు ఆంధ్రకు పోయింది. మేము మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాము.

అంగట్లో కమ్మికి గుచ్చి అత్త జాబులు మూడున్నాయి, అన్నీ తెలుగులో. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, బడి చదువు అరవంలో కావడంతో తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. ఇదివరకు ఊరి బళ్లో తెలుగు అయ్యవారు చదివి చెప్పేవారు. ఆయన చిత్తూరుకు బదిలీ అయ్యాక ఇంకెవరినీ అడగడానికి నాయనకు నామోషీ. "తెలుగు శెట్టికి తెలుగు రాదా అని నవ్వుతారు. ఏముంటాది, అందరూ క్షేమమనే రాసుంటాది" అనేవాడు. ఆ బిగువు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ జాబులు జేబులో పెట్టుకుని, చేతిలో గోనెసంచితో, నన్ను వెంటబెట్టుకుని పలమనేరు బస్సెక్కాడు. పిల్లిని తెచ్చేటప్పుడు దోవ కనబడకుండా కండ్లకు గుడ్డ కట్టి సంచిలో వేస్తారు. లేకపోతే తిరిగి పాత ఇంటికే పోతుంది. గుడ్డ పట్టుకోవడం నా పని.

అత్త కొడుకు చిన్నరాజు గుండు చేయించుకుని వాకిట్లో కూర్చున్నాడు. నాయన చేతిలో సంచి చూశాడు.

"ఇప్పుడు వచ్చినావా మామా? అమ్మ పోయి ఐదు దినాలు."

నాయన గడప దగ్గరే సంచి కింద పెట్టాడు. "నాకు కబురు చేయకూడదా నాయనా?"

"మూడు జాబులు రాస్తే రానోడివి. చచ్చినాక పుట్టింటి కోకకు పిలిచేదెందుకని విడిచిపెడితిని. పక్కింటి కాళియమ్మ కోక కప్పి సాగనంపితిమి."

పుట్టింటివాళ్లు తెచ్చి కప్పే కోక లేకుండా పోవడం ఆడదానికి ఎంత అనాథ చావో మా వాళ్లందరికీ తెలుసు. నాయన జేబులోని జాబులు తీసి అతని చేతిలో పెట్టాడు.

"నాకు చదివేదానికి రాదప్పా."

చిన్నరాజు జాబులు ఒక్కొక్కటే తిరగేశాడు. తర్వాత చివరి జాబు పైకి చదివాడు.

"అన్నా, నాకు ఒళ్లు బాగలేదు. పిల్లి ఈనింది. నీకని ఒకదాన్ని ఎవురికీ ఇయ్యకుండా పెట్టినాను. కోక గీక తేవొద్దు. ఒకసారి మొగం చూపించి పో."

సాయంత్రం చిన్నరాజే ఆ కూనను తెచ్చి ఇచ్చాడు. నేను గుడ్డ తీశాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"దాని కండ్లు కట్టొద్దమ్మా. మన ఇంట్లో దానికైనా ఈ ఇంటి దోవ తెలిసుండనీ."