తడక సందులోంచి

ఏన్కూరు దాటి అడవిలోకి పోయే దారిలో ఉంది చిన్నక్క ఊరు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోస్తుంది, మిగతా రోజుల్లో కూలికి పోతుంది. ఆరేళ్ల కింద భర్త ముసలయ్య తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. అప్పటి నుంచి తడక చాటున ఆయనకు స్నానం చేయించేది చిన్నక్కే. ఆ సమయంలో కన్నకూతుర్ని కూడా దగ్గరికి రానివ్వొద్దని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు.

పోయిన వేసవిలో వైరా నుంచి పద్మప్రియ వచ్చింది. పెద్ద రైతుల బిడ్డ, హైదరాబాద్‌లో వీడియోలతో ఆర్ట్ చేస్తుంది. ఆకు కోయడం వీడియో తీసుకుంటానని అడిగి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇరవై రోజులు వాళ్లింట్లోనే ఉంది. చిన్నక్కకు తల దువ్వేది, ఆమె కంచంలోనే తినేది. పొద్దున నీళ్లు కాగగానే చిన్నక్క, "జర బయట కూసో బిడ్డా" అనేది. పద్మప్రియ కెమెరా తీసుకుని బయటికి నడిచేది.

వానలు మొదలయ్యాక హైదరాబాద్‌లో తన ఎగ్జిబిషన్‌కు రమ్మని పద్మప్రియ ఫోన్ చేసింది. చిన్నక్క సంబరంగా బస్సెక్కింది.

హాల్లో ఒక వెదురు తడక కట్టారు. జనం వరుసలో నిలబడి ఒక్కొక్కరే వంగి సందులోంచి చూస్తున్నారు. చిన్నక్క కూడా వంగింది. లోపల తెర మీద ముసలయ్య, ఒంటి మీద నూలుపోగు లేకుండా. తాను ఆయన వీపు రుద్దుతోంది, ఆయన ఏదో అంటే నవ్వుతోంది, తడి చెంప మీద ముద్దు పెడుతోంది. అంతా తమ ఇంటి తడక వెనక నుంచి తీసిందే.

పక్కన ఎవరో కళ్లు తుడుచుకుని ముక్కు చీదారు. చిన్నక్క పద్మప్రియ వైపు తిరిగింది.

"నిన్ను బయటికి పొమ్మన్న గద బిడ్డా!"

పద్మప్రియ తల వంచుకుంది. "అంత ప్రేమ నేనెక్కడా చూడలేదక్కా. నువ్వు సంతకం కూడా పెట్టావు కదా."

"ఆకు కోసుడుకు పెట్టిన. నా మొగని ఒళ్లు సూపెట్టుడుకు గాదు."

చిన్నక్క ఆ సందుకు వీపు ఆనించి నిలబడింది. ఎవరు బతిమాలినా జరగలేదు. గంట తర్వాత తెర ఆపేశారు. పద్మప్రియ ఏడుస్తూ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

ఇంటికొచ్చాక రెండు రోజులు దాచింది. మూడో రోజు నీళ్లు పోస్తూ చెప్పేసింది. ముసలయ్య పక్కనున్న పంచె ఒళ్లోకి లాక్కున్నాడు.

"నవ్విండ్రా?" అన్నాడు.

"లే. ఏడ్చిండ్రు."

"నవ్వినా బాగుండు."

ఆ రోజు నుంచి ఆయన పంచె విప్పనివ్వడం లేదు. మెడ, చేతులు తుడవనిస్తాడు, మిగతాది తానే తుడుచుకుంటానంటాడు. చెయ్యి అందదు. వీపు మీద పుండ్లు మొదలయ్యాయి. మొన్న ఆస్పత్రి నర్సమ్మ మందు రాస్తానని వస్తే దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. చిన్నక్క రోజూ బతిమాలుతూనే ఉంది.