ఈలపురుగుకు ఇద్దరు సాక్షులు

ఆళ్లగడ్డ తిమ్మయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. దేనికైనా సరే దస్తావేజు రాయందే ఆయనకు ముద్ద దిగదు. రిజిస్ట్రాఫీసు ముందు నలభై ఏళ్లు చెక్కపెట్టె ముందేసుకుని జనం పొలాలకూ ఇళ్లకూ దస్తావేజులు రాశాడు. తర్వాత ఆయన ఆ పని మానేశాడు గానీ, ఆ పని ఆయన్ని మానలేదు. పక్కింటివాళ్లు గొడుగు అడిగితే ముందు కాగితం తీసేవాడు. "ఈ దిగువ వివరించిన నల్ల గొడుగు, ఊచలు ఎనిమిది, అందులో ఒకటి వంగినది..." అని రాస్తూ ఉండగానే వాన వెలిసిపోయేది.

గిన్నెడు పెరుగు పక్కింటికి పోవాలన్నా ఇద్దరు సాక్షులు కావాల్సిన ఇల్లది. "చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు" అని భార్య వెంకటలక్ష్మమ్మ సామెత ఒకటి పారేసి, పెరటి దారిన గిన్నె దాటించేసేది.

అలాంటి మనిషి చేతిలో పూజిత పడింది. నంద్యాలలో పరిశోధన చేస్తున్న పిల్ల. ఎండాకాలం చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా అరిచే ఈలపురుగులే ఆమె చదువు. అవి నేలలోంచి పైకొచ్చి, చెట్టు మానును కరుచుకుని, వీపు చీల్చుకుని బయటపడతాయి. పాత గుల్లను అక్కడే వదిలి ఎగిరిపోతాయి. నాలుగేళ్లకోసారి అవి విరగబడి వస్తాయని అహోబిలం దారిలో పెద్దవాళ్లు అంటారు. అది నిజమో ఉత్తమాటో తేలాలంటే కనీసం నాలుగు ఎండాకాలాలు వరసగా, ఒకేచోట గుల్లలు ఏరాలి. ఒక్క ఏడు తప్పినా మొదటికే మోసం.

"నంద్యాల నుంచి రోజూ రాలేను పెద్దనాయనా. మీ వీధి చివర కానుగచెట్టు కింద గుల్లలు ఏరిపెడతావా?" అని అడిగింది.

"ఏరతా. హక్కు ఎవురి పేరున రాయల్ల?"

"పురుగు గుల్లకు హక్కేంది పెద్దనాయనా!"

"చిన్నపిల్లవి, నీకు తెల్దు" అని తిమ్మయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు.

మొదటి ఏటి గుల్లలు డబ్బా నిండేసరికి దస్తావేజూ సిద్ధమైంది. "సదరు ఈలపురుగులు తమ గుల్లలను స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేక, శాశ్వతంగా విడిచిపోయినవి. వీటి మీద సదరు పురుగులకు గానీ, వాటి వారసులకు గానీ ఇకమీదట ఏ హక్కూ లేదు." దాని కింద ఏ రోజున ఎన్ని దొరికాయో పట్టిక. ఆ కింద చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు. తూర్పున అహోబిలం రోడ్డు, పడమర సంజీవయ్య సైకిల్ షాపు, ఉత్తరాన మహానందమ్మ చెనిక్కాయల బండి, దక్షిణాన బోరింగు.

హద్దుల్లో ఉన్నవాళ్లే సాక్షులు. సంజీవయ్య పంక్చర్ వేస్తూనే ఒక గీత గీకి ఇచ్చేవాడు. చిక్కల్లా మహానందమ్మతోనే. ఆమె బండి మీద గోనె కప్పి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, తిమ్మయ్య పక్కన బల్ల మీద కూర్చుంటే అరగంటకు గానీ లేచేది కాదు. ఇద్దరూ కాగితం మీదికి వంగి ఏదో గొణుక్కునేవాళ్లు. ఈలోగా గుల్లల కోసం వచ్చిన పూజిత ఎక్కాల్సిన నంద్యాల బస్సు వెళ్లిపోయేది.

"ఇంగెవురినన్నా పిలవగూడదా పెద్దనాయనా?"

"హద్దులో ఉండే మనిషే సాక్షి. చట్టం అట్లుంది."

"ఏం చట్టం అది?"

"ఉందిలే."

ఆ చట్టం ఏమిటో పూజిత నాలుగేళ్లు అడిగింది. ఆయన నాలుగేళ్లూ "ఉందిలే" అనే అన్నాడు. చివరికి ఆమె విసిగిపోయింది. ప్రతి ఏడూ సగం గుల్లలు అట్టపెట్టెలో తీసుకుని, దస్తావేజు చూస్తే తన గైడు శ్రీరంగనాథ్ సారు నవ్వుతాడని, దాన్ని మిగతా సగంతో పాటు తిమ్మయ్య మంచం కిందే వదిలేసేది.

నాలుగో ఏడు వానలు పడ్డాక, ఒక శుక్రవారం పొద్దున కాలేజీలో అట్టపెట్టెలు తెరిచి చూస్తే అందులో ఉన్నవి చీమలు. గుల్లలు పొడి అయిపోయాయి, తను రాసుకున్న చీటీలు జల్లెడ అయిపోయాయి. బెంగళూరు ల్యాబుకు గుల్లలు పంపడానికి ఆ సాయంత్రం ఐదే గడువు. తప్పితే మళ్లీ నాలుగేళ్లు.

"ఆళ్లగడ్డలో సగం ఉండాయి సార్" అని ఫోన్లో ఏడుపు గొంతుతో చెప్పింది.

"గుల్లలుంటే చాలదమ్మా. ఏ రోజు, ఏ చోట, ఎవరు ఏరారో రాసి ఉండాల. అది లేకపోతే అవి ఉత్త చెత్త" అన్నాడు శ్రీరంగనాథ్.

మూడు గంటలకు ఆమె తిమ్మయ్య ఇంట్లో ఉంది. మంచం కింద నుంచి నాలుగు డబ్బాలు బయటికొచ్చాయి. మూతలకు లక్క ముద్రలు, లోపల కర్పూరం. ఒక్క చీమ లేదు. దస్తావేజు ఫొటో తీసి పంపితే సారు వెంటనే ఫోన్ చేశాడు. "అడుగు తేడా లేకుండా ఉంది గదమ్మా! ఎవరాయన? నాలుగు కాగితాల మీదా సాక్షుల సంతకాలు ఉండేట్టు చూసి పంపు. ఆ వారసుల సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు."

పూజిత నవ్వుతూ కాగితాలు వరసగా పేర్చింది. అప్పుడు కనబడింది. మొదటి ఏడు రెండో సాక్షి చోట వేలిముద్ర. రెండో ఏడు వేలిముద్ర పక్కన పడబోతూ నిలబడ్డ ఒక "మ". మూడో ఏడు వేలిముద్రే లేదు. "మహానంద" వరకు వచ్చి కాగితం అంచున ఆగిపోయింది. నాలుగో దాంట్లో చోటు ఖాళీగా ఉంది.

"పెద్దనాయనా... ఆ అరగంట ఇదా?"

తిమ్మయ్య దొంగ దొరికినట్టు తల గోక్కున్నాడు. "వేలికి సిరా పూసి పొలాలు పోగొట్టుకున్నోళ్లని నలభై ఏండ్లు చూసినా పాపా. రాసింది నేనే గదా. ఈ వయసులో అక్షరాలు నేర్చుకో అంటే సిగ్గుపడతారు. సాక్షికి రమ్మంటే మాత్రం గబగబా వస్తారు."

"దానికి పురుగులే దొరికినాయా?"

"పురుగు కాడ సంతకం తప్పుపోయినా ఎవురి పొలమూ పోదు గదా!"

పూజితకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఎన్ని బస్సులు పోయాయని సణిగిందో తలుచుకుని సిగ్గేసింది. కానీ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. మహానందమ్మ కూతురి కాన్పుకని సంజామల పోయి ముందురోజే వచ్చిందట. ఇద్దరూ డబ్బాలు మోసుకుంటూ కానుగచెట్టు దగ్గరికి పరుగెత్తారు.

"ఈడ సంతకం పెట్టు అక్కా, బేగా!"

మహానందమ్మ చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంది. "ఉండు పాపా. చదవకుండా సంతకం పెట్టగూడదని అన్న చెప్పినాడు" అని బల్ల మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. సదరు పురుగులు, వాటి వారసులు, అన్నీ అయ్యాయి. నాలుగూ ముప్పై అయిదుకు వేలు ఆగింది.

"అన్నా, ఇది తప్పు. ఉత్తరాన నా బండి అని రాసినావ్. మురిక్కాలువ తవ్వినప్పుడే బోరింగు పక్కకు మార్చుకుంటి గదా. పోయినేటి కాయితం చూసి దించినావా ఏంది?"

తిమ్మయ్య కాగితం లాక్కుని చూశాడు. నలభై ఏళ్లలో ఆయన రాతలో తప్పు పట్టినవాళ్లు లేరు. తన దస్తావేజు తప్పయినందుకు అంత సంతోషపడిన లేఖరి జిల్లాలో ఇంకొకడు ఉండడు. "విన్యావా సంజీవయ్యా! నా తప్పు పట్టింది! చదివి పట్టింది!" అని వీధి వీధంతా వినబడేలా అరిచాడు.

హద్దు దిద్దారు. మహానందమ్మ నాలుక కొస పంటికింద పెట్టుకుని తన పేరు పూర్తిగా, దీర్ఘమూ వత్తూ వదలకుండా రాసింది. పూజిత పక్కనే కూర్చుని, "నిదానంగా రాయి అక్కా" అంది. అన్నాక గడియారం చూసుకుంది. నాలుగూ యాభై. కొరియర్ ఆఫీసు బస్టాండు దగ్గర.

సంజీవయ్య ఒక సైకిలు బయటికి తోశాడు. పూజిత డబ్బాల సంచి తగిలించుకుని ఎక్కబోతుంటే తిమ్మయ్య చెయ్యి అలవాటుగా జేబులోని కాగితం మీదికి పోయింది. "సైకిలు, చక్రాలు రెండు..."

"ఇంగ చాల్లే అన్నా!" అని మహానందమ్మ ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుంది. "నువ్వు పో పాపా. సాక్షికి నేనుండా!"