మారెన్న వేసిన కడప

మారెన్నది బేతంచెర్ల. ముప్పై ఏళ్లుగా ఊళ్లు పట్టుకుని తిరిగి ఇళ్లలో నాపబండలు పరిచినవాడు. ఆయన పరిచిన నేల మీద నీళ్లు ఎటు పొమ్మంటే అటు పోయేవి. అంతటి పనివాణ్ణి ఒక్క మాట ముంచింది. అదీ పరాయి మాట కాదు, సొంత ఇంటి మాట!

రెండువేల ఏడులో ఓర్వకల్లు రోడ్డు మీద అద్దాల మేడ లేచింది. వ్యాపారస్తులు కూర్చుని మీటింగులు పెట్టుకోవడానికట. నిలువెల్లా అద్దమే. మన ఎండకు అద్దాలేంట్రా అని అడిగే నాథుడు లేడు. ముందు వాకిలి పని నచ్చితే, పైన మూడు వందల మంది పట్టే హాలు నేలంతా నీదేనని ఇంజనీరు వాసుదేవ్ మారెన్నకు మాటిచ్చాడు. అది దక్కితే ఇక కూలికి తిరగనక్కర్లేదు. తానే మేస్త్రీ.

వాసుదేవ్ హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. "వాకిట్లో కడప వేసెయ్ మారెన్నా. నల్లది. పదిరోజుల్లో వస్తా."

హైదరాబాదు ఇంజనీరుకు కడప అంటే నేలకు పరిచే నల్లబండ. మారెన్నకు అది ఉత్త నల్లబండే; కడప అంటే ఇంటి గడప. వాళ్ల తాత కాలం నుంచీ అంతే.

"చూసినావా, అద్దాల మేడకైనా కడప ఉండాల్సిందే!" అని భార్య పెద్దక్కతో మురిసిపోయాడు.

తొమ్మిది రోజులు ఉలి దించలేదు. ఒకే రాయి, తొమ్మిదడుగుల పొడవు, అంచు పొడుగునా తామరరేకులు. వాకిలికి అడ్డంగా కూర్చోబెట్టాడు. పెద్దక్క వచ్చి పసుపు రాసి బొట్లు పెట్టింది.

వాసుదేవ్ చూసి అదిరిపోయాడు. "ఇదేంటయ్యా?"

"కడప సార్. మీరు చెప్పిందే."

"కడప రాయి పరచమన్నాను! అద్దం తలుపు జరిగేదెట్లా? ఎవడైనా కాలు తగిలి పడితే నువ్వు లేపుతావా?"

"మా ఇండ్లల్లో ముసిలోళ్లు గూడా దాటుతాండారు సార్, ఎవురూ పడ్లేదు."

ఆ మాటతో హాలు పని పోయింది. గునపాలతో గడపను పెకలించారు.

"దాన్నన్నా ఇప్పీండి సార్, మా ఇంటికి పెట్టుకుంటా. మాకు యాడుండాది కడప? రెండు ఇటుకలు పెట్టుకున్నాం."

"సైటులో సామాను బయటికి పోదు," అన్నాడు వాసుదేవ్. మారెన్న ఉలులు కూడా అక్కడే మరిచి ఇంటిదారి పట్టాడు.

మేడ తెరిచిన నెలకు, మరిచిపోయిన ఉలుల కోసం వెళ్లాడు. అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎదురు గోడ మీద, లైట్ల వెలుతురులో, తన గడప నిలువునా నిలబడి ఉంది! కింద ఇత్తడి రేకు.

"ఏమి రాసినారప్పా?" అని కాపలా బొజ్జన్నను అడిగాడు.

"రాయలసీమ పాతకాలం పనంట. చేసినోడు ఎవురో తెల్దంట."

"నేనప్పా చేసింది! నేను!"

పెద్దక్క పెట్టిన బొట్టు ఇంకా చెరగలేదు. మారెన్న దాని మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోవద్దప్పా," బొజ్జన్న అడ్డమొచ్చాడు. "మరకలు పడతాయంట."